నేలపట్టులో సైకిల్ గేటు బయటే!

వీకెండ్, అడవి, సైకిల్... ఈ మూడు మాటలు వింటే చాలు, మా చెన్నై ఆఫీసు గ్రూపులో అందరూ కొండల వైపే చూస్తారు. నేను సూళ్లూరుపేట అంటాను. కారు వెనక ఎంటీబీ కట్టుకుంటే హైవే మీద రెండు గంటలు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇది తిరుపతి జిల్లా. మా నోట్లో మాత్రం ఇంకా నెల్లూరే!

పొద్దున్నే శ్రీహరికోట రోడ్డు ఎక్కండి. పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. ఎత్తుపల్లాలు లేవు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, శీతాకాలంలో ఈశాన్య గాలి ఎదురుగా కొడుతుంది. గేర్లు దించాల్సిందే. రెండు పక్కలా లోతులేని నీళ్లు, బురద, దూరంగా గులాబీ గీతలా ఫ్లెమింగోలు. అటకానితిప్ప దగ్గర ఆగి నీళ్లు తాగి వెనక్కి తిరగండి. ఆ చివరున్న అడవి ఇస్రోది, మనకు ప్రవేశం లేదు.

ఎండ తగ్గాక నేలపట్టు. హైవే మీద దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం, సుమారు 459 హెక్టార్లు. సైకిల్ గేటు బయటే ఉంచి, చెరువు కట్ట మీద నడవాలి. నీళ్లలో నిలబడిన కడప చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. వాసన గట్టిగానే వస్తుంది, దాచడమెందుకు!

ఆ రెట్టలే ఇక్కడ ఎరువు. కట్ట మీద కలిసిన ఒక పెద్దాయన, "ఈ చెరువు నీళ్లు పారితే పైరుకి బలం అబ్బయా, అందుకే మా ఊళ్లో పిట్టల జోలికి ఎవరూ పోరు" అన్నాడు. నాకైతే బోర్డు మీది సెక్షన్ల కంటే ఈ లెక్కే గట్టిది అనిపించింది.

గూడబాతుల కాపురం ఇక్కడ, క్యాంటీన్ పులికాట్‌లో. పొద్దున మీరు సైకిల్ తొక్కిన ఆ నీళ్లలోంచే పిల్లలకి చేపలు తెస్తాయి. వానలు పడక చెరువు నిండకపోతే గూళ్లు కట్టవు. సముద్రంలో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే పులికాట్‌లో చేపలు తగ్గుతాయి. అప్పుడు జాలర్లకీ కష్టమే, వీటికీ కష్టమే.

కట్ట చుట్టూ సైకిల్ ట్రాక్ వేస్తే బాగుంటుంది కదా అని మా ఫ్రెండ్ అడిగాడు. నేను ఒప్పుకోను. బెదిరి తల్లి పక్షి లేచిందంటే గుడ్లు ఎండకి, కాకులకి వదిలేసినట్టే. తొక్కడానికి అంత పెద్ద సరస్సు రోడ్డుంది, ఈ కాస్త కట్ట నడకకి ఉండనిద్దాం.

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి టైమ్. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనం ఎక్కువ, వారం మధ్యలో లీవు దొరికితే అప్పుడే వెళ్లండి. బైనాక్యులర్స్ పట్టుకెళ్లండి, డ్రోన్ ఇంట్లో పెట్టండి. సైకిల్‌కి తాళం మాత్రం మర్చిపోవద్దు.