భీమిలి రోడ్డు మీద బ్యాటరీ సైకిల్

విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలికి ఎంత దూరం? మ్యాప్ చూస్తే పాతిక కిలోమీటర్ల పైచిలుకు. బండి మీద వెళ్లేవాడిని అడిగితే ‘ఎంతసేపు, ముప్పావుగంట’ అంటాడు. అదే మామూలు సైకిల్ తొక్కేవాళ్లను అడగండి. వాళ్లు కిలోమీటర్లు చెప్పరు. తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు, రుషికొండ దగ్గర ఎత్తు, తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి... ఈ మూడూ చెప్తారు.

సరదాగా తొక్కుకోడానికి ఎలక్ట్రిక్ సైకిల్ కొనాలనుకునేవాళ్లకు ఆ మూడే అసలు సిలబస్. షాపులో చెప్పే వాట్లు, డిస్‌ప్లే రంగులు, యాప్ ఫీచర్లు అన్నీ ఆ తర్వాతే.

మా పిన్నికి 54 ఏళ్లు. పుట్టిల్లు భీమిలి. పెళ్లికి ముందు కాలేజీకీ, కొట్టుకీ, చుట్టాలింటికీ సైకిల్ మీదే తిరిగేదట. ఇప్పుడుండేది లాసన్స్‌బే కాలనీలో, లిఫ్టు లేని అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. సిమెంటు రోడ్డు మీద నడక తగ్గించమనీ, సైకిల్ తొక్కితే మంచిదేననీ డాక్టర్ చెప్పారు. చీటీ పాడిన డబ్బు 45 వేలు చేతిలో ఉంది. నన్ను పిలిచి చెప్పిన మాట ఇది: “ఒరే, నాకు స్పీడొద్దు. భీమిలి ఎళ్లి రావాల. మోకాలు నొప్పెట్టకూడదు. మధ్యలో ఆగిపోయిందని ఎవుడికీ ఫోన్ చెయ్యకూడదు. అంతే.”

ఇంత స్పష్టంగా ఏ కొనుగోలుదారూ చెప్పగా నేను వినలేదు. తేడా వస్తే ఆ 45 వేల సైకిల్ సెల్లార్లో దుమ్ము కొట్టుకుపోతుంది, పిన్ని మళ్లీ ఆటో ఎక్కుతుంది. అందుకే షాపులో కాదు, రోడ్డు మీద తేల్చుకుందాం అనుకున్నాం. తొక్కి చూసినవి మూడు. ట్రయల్‌కి ఒక షాపువాళ్లు ఇచ్చినవి రెండు: గేర్లున్న మౌంటెన్ రకం ఒకటి, మధ్యలో అడ్డగొట్టం లేని లేడీస్ ఫ్రేమ్‌ది ఒకటి. మూడోది ఎదురింటివాళ్ల చిన్న చక్రాల మడత సైకిల్.

ముందు రూల్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే మన నిబంధనల ప్రకారం అది మోటారు వాహనం కిందకి రాదు. రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. ‘లాక్ తీసేస్తే నలభై కొడుతుంది బాస్’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. లాక్ తీశాక అది చట్టం దృష్టిలో సైకిల్ కాదు.

సబ్‌మెరైన్ దగ్గర అన్నీ బాగుంటాయి

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్, దాని ఎదురుగా టీయూ-142 విమానం, చదునైన రోడ్డు. తెల్లవారుజామున వాకర్ల కోసం ఇక్కడ బళ్లు ఆపేస్తారు కాబట్టి సైకిళ్లవాళ్లకు పండగే. ఈ రోడ్డు మీద ఏ సైకిల్ తొక్కినా హాయిగానే ఉంటుంది. అదే చిక్కు. చాలామంది షాపు ముందు గల్లీలో ఒక రౌండ్ కొట్టి డబ్బు కట్టేసేది ఇలాంటి సుఖం చూసే.

అయినా ఇక్కడే చూడాల్సినది ఒకటుంది. సీటు ఎత్తు. నా లెక్కలో మోటారు కంటే ఇదే ముఖ్యం. చాన్నాళ్ల తర్వాత సైకిల్ ఎక్కేవాళ్లు భయంతో సీటు బాగా దించేస్తారు, రెండు పాదాలూ నేలకి ఆనాలని. అలా తొక్కితే ప్రతి తొక్కుడుకీ మోకాలు మరీ ఎక్కువ మడత పడి, భారమంతా చిప్ప మీద పడుతుంది. పది కిలోమీటర్లకే నొప్పి. ‘ఎలక్ట్రిక్ అయినా నొప్పేనండీ’ అని సైకిల్‌ని తిడతారు. సరైన ఎత్తు తెలుసుకోడం తేలిక. సీటు మీద కూర్చుని పెడల్‌ని కిందికి దించి దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచినట్టుండాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది.

మరి ఆగినప్పుడు పడిపోమా? ఇక్కడే లేడీస్ ఫ్రేమ్ గొప్పతనం తెలిసింది. మధ్యలో అడ్డగొట్టం లేదు కాబట్టి బ్రేకు వేసి, సీటు మీంచి ముందుకి జారి, నేల మీద నిలబడొచ్చు. సీటు ఎత్తుగానే ఉంటుంది, భయం పోతుంది. మౌంటెన్ రకం మీద పిన్ని నాలుగుసార్లు ఎక్కి దిగి, “దీనికి కాలు ఎనక్కి తిప్పి ఎక్కడానికే నాకు ఇంకో మోటారు కావాల” అంది. చుడీదార్ వేసుకున్న రోజే ఇలా ఉంటే చీర కట్టిన రోజు సంగతి చెప్పక్కర్లేదు. అన్నట్టు, ‘లేడీస్’ అనే పేరు చూసి మగవాళ్లు మొహం తిప్పుకోవద్దు. నడుం పట్టేసే మా బాబాయిలాంటి వాళ్లకీ అదే హాయి.

సీటు మెత్తదనం దగ్గర కూడా మోసపోతాం. బొటనవేలితో నొక్కితే దిగిపోయే స్పాంజి సీటు షాపులో సోఫాలా ఉంటుంది. దూరం పోతే శరీరం అందులో కూరుకుపోయి తొడలు ఒరుసుకుంటాయి. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్లకు వెడల్పుగా, కాస్త గట్టిగా ఉన్న సీటు నయం. హ్యాండిల్ సీటు కంటే కొంచెం ఎత్తులో ఉంటే అరచేతుల మీద బరువు పడదు. మడత సైకిల్ ఇక్కడే వెనకబడింది. ఎదురింటివాళ్లకి రైతుబజారు దాకా వెళ్లిరావడానికి అది చాలు, భీమిలికి కాదు.

తెన్నేటి పార్కు పెట్టే పరీక్ష

జోడుగుళ్లపాలెం దాటగానే ఒక పక్క కైలాసగిరి, ఒక పక్క సముద్రం. రోడ్డు పైకి లేస్తుంది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎంవీ మా’ గాలివానకి ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఈ తెన్నేటి పార్కు దగ్గరే. అప్పుడు ఊరంతా సెల్ఫీలకి ఇక్కడికే వచ్చింది. మాకు మాత్రం ఓడ కంటే ఈ ఎత్తే ముఖ్యం.

ఎలక్ట్రిక్ సైకిల్‌కి మనం తొక్కుతున్నామని తెలియాలంటే సెన్సర్ ఉండాలి. అవి రెండు రకాలు. పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసేది కేడెన్స్ సెన్సర్. తక్కువ ధర సైకిళ్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. ఎంత బలంగా తొక్కుతున్నామో కొలిచి అంత సాయం చేసేది టార్క్ సెన్సర్. ధర ఎక్కువ. చదును మీద తేడా పెద్దగా తెలీదు. ఎత్తు మధ్యలో ఆగి మళ్లీ బయల్దేరి చూడండి, అప్పుడు తెలుస్తుంది. కేడెన్స్ రకంలో మొదటి అర చుట్టు మన కాలే లాగాలి. మోటారు ఆ తర్వాత నిద్ర లేస్తుంది, అదీ ఒక్క కుదుపుతో. మోకాలు నొప్పివాళ్లకు ఆ అర చుట్టే శత్రువు.

టార్క్ సెన్సర్ది కొందామంటే 45 వేలలో మాకు దొరకలేదు. దీనికో చవక మందు ఉంది. ఆగే ముందే గేరు తేలిక చేసుకోవాలి. బయల్దేరేటప్పుడు బొటనవేలితో త్రాటిల్ కొద్దిగా నొక్కి బండి కదిలాక తొక్కాలి. అంటే సరదా రైడింగ్‌కి కూడా గేర్లు ఉన్నదే తీసుకోండి. ‘మోటారుంది కదా, గేర్లెందుకు’ అనే సింగిల్ స్పీడ్ సైకిళ్లు చదునైన ఊళ్లకి బాగుంటాయి. విశాఖ చదునైన ఊరు కాదు.

ఒక చిన్న లెక్క. 24 కిలోల సైకిల్, 75 కిలోల మనిషి కలిపి వంద కిలోలు అనుకుందాం. నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే ఎత్తుని గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఆ బరువు లాగడానికే 160 వాట్లు పైగా కావాలి. నూటికి ఎనిమిది మీటర్ల ఎత్తయితే 250 దాటిపోతుంది. అంటే త్రాటిల్ నొక్కి కూర్చుంటే చాలదు, మనమూ తొక్కాల్సిందే. తొట్లకొండ మీదకెళ్లే ఘాట్ రోడ్డు చూస్తే ఈ లెక్క కళ్లకు కడుతుంది. కొండరాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల పేరొచ్చిన ఆ బౌద్ధారామం తప్పక చూడండి. సైకిల్ మీద కొండెక్కడం మాత్రం రెండో ట్రిప్పుకి ఉంచుకోండి.

రుషికొండ దాటాక దిగుడు బాగా వస్తుంది. జుయ్‌మని పోతుంది. ఇక్కడ చూసుకోవాల్సింది బ్రేకులు. మామూలు సైకిల్ పదిహేను కిలోలుంటే ఇది పాతిక దాకా ఉంటుంది కాబట్టి ముందూ వెనకా డిస్క్ బ్రేకులు ఉంటే మంచిది. బ్రేకు లీవర్ పట్టగానే మోటారు ఆగిపోయే ఏర్పాటు ఉందా అని అడగండి. ఇక స్పీడ్ బ్రేకర్ల సంగతి. చవక రకం ముందు సస్పెన్షన్ బరువు పెంచేంతగా సుఖం పెంచదు. దాని బదులు రెండంగుళాల వెడల్పు టైర్లుండి, గాలి రాయిలా గట్టిగా కాకుండా టైరు మీద రాసిన పరిధిలో తక్కువ వైపు పెట్టుకుంటే నడుముకి దెబ్బ తెలీదు.

మంగమారిపేటలో వేయించిన చేప వాసనకి ఆగాం. దాని గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

పోవడం ఒకెత్తు, రావడం ఒకెత్తు

ఎర్రమట్టి దిబ్బల్ని 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక అది. ఫొటో కోసం సైకిల్‌ని లోపలికి తోసుకుపోవద్దు. పైగా పాతిక కిలోల బండి ఇసుకలో పది అడుగులు కూడా కదలదు. రోడ్డు పక్క నీడలో పెట్టి నడవండి. నీడ అని ఊరికే అనలేదు. ఎండలో కాగిన బ్యాటరీని వెంటనే చార్జింగ్‌కి పెట్టకూడదు, చల్లారనివ్వాలి.

భీమిలి చేరేసరికి గోస్తని సముద్రంలో కలిసే చోట పడవలు, లైట్‌హౌస్, డచ్చివాళ్ల పాత సమాధులు. పిన్ని ఇవేవీ చూడలేదు. “ఇదిగో, ఈ సందులోనే పడ్డాను చిన్నప్పుడు” అంటూ సందులన్నీ తిప్పింది. తర్వాత మావయ్య ఇల్లు, పీతల పులుసు, నిద్ర. ఆ నిద్రే మా సైకిల్‌ని ఇంటికి చేర్చింది.

ఎలాగంటే, బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియర్ అవర్లు రాసి ఉంటాయి. రెండూ గుణించండి. 36 వోల్టులు, 7.65 అయితే సుమారు 275 వాట్ అవర్లు. అదే 36, 10.4 అయితే 374. మనమూ తొక్కుతూ మధ్యస్థంగా సాయం తీసుకుంటే కిలోమీటరుకు 8 నుంచి 12 వాట్ అవర్లు వేసుకోవచ్చు. అంటే చిన్న బ్యాటరీ ఒకవైపుకే సరి. పెద్దదైనా రానూపోనూ 50 దాటిన దూరానికి చాలదు. అట్టపెట్టె మీద రాసే కిలోమీటర్లు చదును మీద, బరువు తక్కువ మనిషి, గాలి లేనప్పుడు వచ్చే లెక్క అనుకోండి.

గాలి మాత్రం ఉంటుంది. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది. వేసవి నుంచి వానాకాలం దాకా గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది. భీమిలికి పోతుంటే వెనక నుంచి తోస్తుంది. ‘అబ్బ, బ్యాటరీ సగం కూడా అవ్వలేదే’ అని మురిసిపోతాం. తిరుగు దారిలో అదే గాలి గుండెకి ఎదురొస్తుంది, మిగిలిన సగం సగం దారికే అయిపోతుంది. శీతాకాలంలో దీనికి తిరగబాటు. కాబట్టి సగం బ్యాటరీ అయ్యాక వెనక్కి తిరగడం అనే సూత్రం సముద్రం పక్కన పనికిరాదు. చార్జర్‌ని సంచిలో వేసుకోండి. 2 ఆంపియర్ల చార్జర్ గంటకు 70-80 వాట్ అవర్లు ఎక్కిస్తుంది. అన్నం, నిద్ర కలిపి మూడు గంటలైతే రెండొందల పైనే. కరెంటు ఖర్చంటారా, పెద్ద బ్యాటరీ ఖాళీ నుంచి నిండేదాకా అర యూనిట్ కూడా కాదు. మావయ్య బిల్లు అడగలేదు.

అయినా కొనేముందు మోటారు ఆపేసి ఒక కిలోమీటరు తొక్కి చూడాలి. బ్యాటరీ చచ్చిన రోజు ఆ బరువుని లాగేది మీ కాళ్లే. పిన్ని ట్రయల్‌లో ఇదే అన్నిటికంటే ఎక్కువసేపు చేసింది. లేడీస్ ఫ్రేమ్ సైకిల్ తేలిక గేరులో నింపాదిగా నడిచింది. అది నచ్చాకే పర్సు తీసింది. అందులోనే పెద్ద బ్యాటరీ ఉన్న మోడల్, 42 వేలు.

మూడో అంతస్తు సమస్య బ్యాటరీ ఊడదీసుకునే రకం కావడంతో తీరింది. సైకిల్ కింద గొలుసుకి, బ్యాటరీ సంచిలో పైకి. రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది, కూరగాయల సంచి కంటే తక్కువే. రాత్రి పడుకునేముందు చార్జింగ్ పెట్టి వదిలేయడం, చార్జర్ పాడైతే ఏదో ఒకటి తగిలించడం మాత్రం వద్దు. కొత్త బ్యాటరీ కొనాల్సొస్తే ఎంత, ఎన్ని రోజుల్లో దొరుకుతుంది అని షాపువాణ్ని ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. కొన్ని ఏళ్లకి ఎలాగూ మార్చాల్సిందే, సైకిల్ మొత్తంలో ఖరీదైన భాగం అదే. ఒక షాపులో దీనికి సమాధానం రాలేదు. అక్కడ కొనలేదు.

ఇంకా, వెనక చక్రంలో మోటారు ఉన్న సైకిల్ చూడగానే పంక్చర్ అబ్బాయి ‘మా వల్ల కాదు’ అంటాడు, వైరుని చూసి. చక్రం ఊడదీయక్కర్లేదు, టైరు ఒకవైపు విప్పి ట్యూబ్ బయటికి లాగి అతుకు వేయొచ్చని చెప్పండి. సముద్రపు గాలికి గొలుసు వారంలో ఎర్రబడుతుంది. మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి నూనె చుక్కలు వేస్తే చాలు. బైక్ వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ పైపు కింద పెడితే నీళ్లు వైర్ల కనెక్షన్లలోకి పోతాయి.

పిన్ని ఇప్పుడు నెలకి రెండుసార్లు భీమిలి వెళ్తోంది. సీటు గొట్టం మీద తన ఎత్తు దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీసుకుంది. బాబాయి అప్పుడప్పుడు సిగరెట్టుకని ఆ సైకిల్ తీసుకెళ్లి, సీటు దించేసి, అలాగే వదిలేస్తాడు. ఇంట్లో గొడవ ఇప్పుడు దాని గురించే.