రెండు సీట్ల కారు, నాలుగు పంట్లు

నెల్లాళ్లుగా పోస్టు లేదేంటని కొందరు ఫోన్ చేశారు. సార్వా నాట్లయ్యాక, రెండో దఫా ఎరువు చల్లించి, పొలం మా తమ్ముడికి అప్పజెప్పి, నేనూ మా ఆవిడా గ్లాస్గోలో ఉన్న మావాడి దగ్గరకి వెళ్లొచ్చాం. అక్కడ వాడూ నేనూ కారులో తిరిగిన మూడు రోజుల సంగతి ఇది. పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

ముందు కారు సంగతి చెప్పాలి. మావాడు మూడేళ్లుగా ఇంటికి రాలేదు. టికెట్టు ఖరీదంటాడు, సెలవు లేదంటాడు. అలాంటోడు స్పోర్ట్స్ కారు కొన్నాడని తెలిసేసరికి నాకు ఒళ్లు మండింది. మజ్దా ఎం.ఎక్స్-5 అంట. 2001 మోడల్, పాతదే. పైకప్పు గుడ్డది, వెనక్కి మడిచేసుకోవచ్చు. ఇద్దరే పడతారు. "వీడి చదువుకి అరెకరం కొబ్బరితోట అమ్మాను, వీడేమో అమ్మకీ నాన్నకీ కలిపి చోటు లేని కారు కొన్నాడు" అని ఊళ్లో నలుగురి దగ్గరా అన్నాను కూడా. మా ఆవిడ మాత్రం "మీరిద్దరూ వెళ్లండి, నాకు చలి" అని బలవంతంగా పంపింది. చలి కాదని తర్వాత అర్థమైంది.

ఆ కారులో కూర్చుంటే రోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్నట్టే. పక్కన లారీ వస్తే దాని చక్రం మన తల ఎత్తున ఉంటుంది.

గ్లాస్గో నుంచి నూటయాభై కిలోమీటర్లు పోతే ఓబన్ రేవు. మొదటి ఫెర్రీ అక్కడే. ఫెర్రీ అంటే మన పంటే అనుకోండి, కాకపోతే అంతస్తులున్న పంటు. ముక్కు తెరుచుకుంటే బళ్లన్నీ కడుపులోకి పోతాయి. రేవులో నేల మీద వరసలు గీసి నెంబర్లు వేశారు. మా ముందు బ్రెడ్డు వ్యాను, పక్కన ఇటుకల లారీ, ఆ వెనక గొర్రెల ట్రైలరు. మావాడి కారు ఎంత పరిగెత్తగలిగినా, ఇటుకల లారీ ఎప్పుడు కదిలితే మేమూ అప్పుడే. టికెట్టు లెక్క మాత్రం నాకు నచ్చింది. సముద్రం మీద ఎంత దూరమో అంత దూరం రోడ్డు మీద వెళ్తే ఎంత ఖర్చవుతుందో చూసి, దాన్ని బట్టి రేటు కట్టారు. దీవుల్లో ఉన్నవాళ్లకి నీళ్లు అడ్డమొచ్చిన పాపానికి జేబుకి చిల్లు పడకూడదని. 2015 కల్లా ఆ పడమటి దీవులన్నిటికీ ఇదే పద్ధతి అయింది.

బండి గేర్లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, అందరం పైకి వెళ్లిపోవాలి. మల్ అనే దీవికి ముప్పావు గంట. పైన టీ తాగుతుంటే ఆ గొర్రెల ట్రైలరాయన పక్కన కూర్చున్నాడు. ఓబన్ సంతలో పిల్లల్ని అమ్మేసి ఖాళీగా వెళ్తున్నాడు. మావాడు మధ్యలో తెలుగు చేశాడు. గాలి లేచి పడవ ఆగిపోయిందంటే సంత తప్పిపోతుందంట. ఇంకో వారం మేత ఖర్చు, పిల్లల బరువూ తగ్గుతుంది. మన అవసరం కొనేవాడికి తెలిసిపోతుంది అన్నాడు. మన ధాన్యం కళ్లంలో తడిసినప్పుడు వచ్చే బేరం లాంటిదే.

భూమి ఎవరిదని అడిగాను. దొరదంట, తనది కౌలంట. తాత ముత్తాతల నుంచీ అదే భూమి. ఎప్పుడు ఖాళీ చేయిస్తాడో అని భయం లేదా అంటే నవ్వాడు. గొర్రెల పెంపకంలో లాభం ఎక్కువని జమీందార్లు ఒకప్పుడు అక్కడ కౌలు రైతుల్ని ఊళ్లకి ఊళ్లే లేపేశారు. తర్వాత జనం తిరగబడితే 1886లో చట్టం వచ్చింది. శిస్తు కడుతున్నంత కాలం కదపకూడదు, శిస్తు న్యాయంగా ఉండాలి, పొలం వారసుడికి ఇచ్చుకోవచ్చు. అలాంటి రైతుని క్రాఫ్టర్ అంటారు. మా రెండెకరాలు కౌలుకి చేసేవాడు కార్డు కోసం సంతకం పెట్టమని రెండేళ్లుగా అడుగుతుంటే నేను రేపు మాపు అంటున్నాను. ఆ టీ అక్కడితో చల్లారిపోయింది.

మర్నాడు అదే దీవిలో టోబర్‌మోరీ రేవు నుంచి కిల్‌కోన్‌కి చిన్న ఫెర్రీ ఎక్కాలి. గాలి వల్ల రెండు గంటలు ఆలస్యం అన్నారు. రెండు సీట్ల కారులో, బయట వాన, లోపల మేమిద్దరం. ఎటు చూసినా వాడి భుజమే కనపడుతుంది. ఏం మాట్లాడాలో తెలీక మా నాన్న సంగతి చెప్పాను. మాది సఖినేటిపల్లి వైపు. నరసాపురం ఆసుపత్రికి పోవాలంటే గోదావరి దాటాలి. 1994లో ఒక రాత్రి నాన్నకి గుండెల్లో నొప్పి. ఆ వేళప్పుడు పంటు లేదు. ఈదురుగాలికి పడవ తియ్యడానికి ఎవడూ ఒప్పుకోలేదు. రేవులో మంచం మీద పడుకోబెట్టి తెల్లారేదాకా చూశాం. మొదటి పంటు అవతలి ఒడ్డుకి తగిలేసరికి నాన్న లేడు.

"ఎప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అన్నాడు.

"నువ్వు అడగలేదు."

కాసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు: "నేనొచ్చి పొలం చేస్తానని మీరు ఎదురు చూడకండి. నావల్ల కాదు. ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పలేకే ఇంటికి రావడం మానేశాను. సెలవు లేకా కాదు, డబ్బు లేకా కాదు."

నేనేం అనలేదు. అద్దం మీద ఆవిరి తుడిచాను. తుడిచిందే మళ్లీ తుడిచాను.

ఈలోగా ఫెర్రీ వచ్చింది. నీళ్లు పాటు మీద ఉన్నాయి, రేవు బాగా వాలుగా ఉంది. పంటు రేకు దగ్గర కారు ముక్కు గీసుకునేలా ఉంటే మావాడు ఆపేశాడు. పంటు వాళ్లు రెండు చెక్కలు తెచ్చి వేశారు. నేను దిగిపోయాను. ధాన్యం లోడు ట్రాక్టర్లు ముప్పై ఏళ్లు పంటెక్కించినవాణ్ణి, చూస్తూ కూర్చుంటానా? "నేరుగా వద్దురా, కొంచెం అడ్డంగా రా, ఒక చక్రం ముందు ఎక్కనీ. రా, రా, ఎడమకి, ఆపు" అని చేతులూపాను. భాష రాకపోయినా పంటు వాళ్లకీ అర్థమైంది, ఒకాయన బొటనవేలు చూపించాడు. కారు గీత పడకుండా ఎక్కింది.

ఆ సాయంత్రం బస దగ్గర మంచినీళ్ల పైపుతో కారు కింద అంతా కడిగాం. అక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు జల్లుతారు. దానికి సముద్రపు తుంపర తోడు. ఈ మోడల్‌కి తలుపుల కింద రేకు తుప్పు పట్టడం మామూలేనంట. వీడిదీ పోతే, షాపువాడు అడిగిన డబ్బు ఇవ్వలేక, వెల్డింగ్ మిషను అరువు తెచ్చుకుని వీడే అతికాడు. వంగి చూశాను. అతుకు నున్నగా లేదు గానీ గట్టిగా ఉంది. "ఎక్కడ నేర్చావురా?" అంటే, "మీరు ఆయిలింజను విప్పినప్పుడల్లా టార్చి పట్టుకున్నది నేనే కదా" అన్నాడు.

ఇక కిల్‌కోన్ నుంచి రోడ్డు చాలావరకు ఒకే బండి పట్టేంత, మన గట్టు దారిలాగ. ఎదురు బండొస్తే ఎవరికి దగ్గరుంటే వాళ్లు పక్క జాగాలో ఆగుతారు, అవతలివాడు చెయ్యెత్తి దండం పెడతాడు. మలేగ్ నుంచి స్కై దీవికి మూడో ఫెర్రీ. ఎక్కాం, దిగాం.

నాలుగోది మాత్రం మీకు చెప్పి తీరాలి. స్కై నుంచి తిరిగి పెద్ద ఒడ్డుకి కైల్‌రియా దగ్గర చిన్న పాయ. అవతల గ్లెనెల్గ్. ఆరు కార్లు పట్టే పంటు, 1969లో కట్టింది, పైన బల్ల గుండ్రంగా తిరుగుతుంది. కార్లు పక్క నుంచి ఎక్కాక మనుషులు నెట్టి ఆ బల్లని తిప్పుతారు. మోటారు లేదు, చేతులే. ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే మిగిలింది. ఊరివాళ్లే సంఘంగా కూడి నడుపుకుంటున్నారు. అక్కడ నీటి వడి చూస్తే మన వరద గోదారే. రెండొందల ఏళ్ల కిందట దీవి పశువుల్ని సంతలకి తోలుకుపోవడానికి ఇక్కడే ఈదించేవారు. ఒక ఆవు దవడకి తాడు కట్టి ముందున్న ఆవు తోకకి ముడేసి, మొదటి ఆవుని పడవకి కట్టి లాక్కెళ్లేవారు. నాలుక మాత్రం తాడుకి బయటే ఉంచేవారు, ఊపిరాడాలి కదా. ఏటా వేల పశువులు అలా దాటేవి. నీళ్లు మళ్లే వేళ కోసం కాచుకుని దింపేవారంట. వరదలో గేదెల్ని లంక దాటించినవాళ్లు మనలో ఉన్నారు, వాళ్లకి తెలుస్తుంది అదెంత పనో.

బల్ల తిప్పేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేస్తానని సైగ చేశాను. నవ్వి రమ్మన్నారు. కారు, కారులో మావాడు, మెల్లగా ఒడ్డు వైపు తిరిగారు.

వచ్చాక కౌలు కాగితం మీద సంతకం పెట్టేశాను. పదకొండు నెలలకే కదా అని మీలో కొందరు నవ్వుతారు, మా తమ్ముడైతే తిట్టాడు కూడా. మావాడు సంక్రాంతికి టికెట్టు తీశాడు. చేను ఈనిక మీదుంది, దోమ చూసి రావాలి. ఉంటానండి.