ఇంటిబండిలో చలిరాత్రి

పిల్లలూ! ఇంటికి చక్రాలు తగిలించి, ఊళ్ళవెంట తోలుకుపోవడం మీరెన్నడైనా చూశారా? 2018 మార్చి నెలలో మా అమ్మాయిని చూడడానికి అమెరికా వెళ్ళినప్పుడు నేను అటువంటి ఇంట్లో నాలుగు రోజులు కాపరమున్నాను. దాన్ని అక్కడివాళ్ళు మోటారుహోమ్ అంటారు. మా మనమరాలు మాత్రం ఇంటిబండి అని పేరు పెట్టింది. ముందు డ్రైవరు కూర్చునే చోటు, వెనక మంచాలు, పొయ్యి, నీళ్ళ కుళాయి. మా అల్లుడు దాన్ని అద్దెకు తెచ్చాడు. అందరం కలిసి అరిజోనా రాష్ట్రంలోని గ్రాండ్ కాన్యన్‌కు బయలుదేరాము.

అది కొలరాడో నది లక్షల ఏళ్ళుగా నేలను కోసుకుంటూ పోగా ఏర్పడిన లోయ. పొడవు 446 కిలోమీటర్లు. లోతు ఒకటిన్నర కిలోమీటర్లకు పైమాటే. శ్రీశైలం దగ్గర కృష్ణ కోసిన లోయను మీలో కొందరు చూసి ఉంటారు. నేనూ అదే పెద్దదనుకునేవాణ్ణి! దక్షిణపు అంచున నిలబడితే మన కాళ్ళకింది రాయి వయసు సుమారు 27 కోట్ల సంవత్సరాలు. అడుగున నదిపక్కనున్న నల్లరాయికి 170 కోట్లకు పైగా ఉంటాయి. సాయంత్రపు ఎండలో ఆ రాళ్ళు ఎర్రబడి, ఊదారంగుకు తిరిగి, చీకట్లో కలిసిపోయేదాకా చూస్తూ నిలుచున్నాము.

ఆ అంచు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్నది. పొద్దు కుంకగానే చలి కొరకసాగింది. మాథర్ అనే విడిదిలో దేవదారు చెట్ల మధ్య బండి నిలిపాము. అక్కడ బండికి తగిలించుకోవడానికి కరెంటు ఉండదు. బండిలో ఇంజనుకు ఒక బాటరీ, ఇంటి భాగానికి మరొక బాటరీ ఉంటాయి. రెండూ 12 వోల్టులవే.

లోపలికి వచ్చి చూస్తే హీటరు ఆగిపోయి ఉన్నది! దీపాలు మాత్రం వెలుగుతున్నాయి. మా మనవడికి అప్పటికి ఏడాది నిండలేదు.

"నాన్నా, వంటపొయ్యి వెలిగించి ఉంచితే వెచ్చగా ఉండదూ?" అన్నది అమ్మాయి.

"వద్దమ్మా! తలుపులు మూసిన గదిలో పొయ్యి మండితే విషవాయువు పుడుతుంది. నిద్రలో తెలియకుండానే ప్రాణం తీస్తుంది," అన్నాను.

హీటరు మండేది గ్యాసుతోనే. కాని లోపలున్న పంకా ముందుగా తిరిగి, గాలి సరిగా వీస్తున్నదని తేలితేనే గ్యాసు అంటుకుంటుంది. ఆ పంకాకు కరెంటు కావాలి. అల్లుడు ఫ్యూజుల పెట్టె తెరిచాడు. హీటరు ఫ్యూజు వేలిగోరంత నీలపు బిళ్ళ, 15 ఆంపియర్లది. దానిలో సన్నని తీగె తెగిపోయింది. వేరే ఫ్యూజు లేదు. దుకాణం మూసేశారు.

"మామయ్యగారూ, చాక్లెట్ కాగితం చుట్టి పెడదామా?" అన్నాడు అల్లుడు.

"తాతయ్యా, తెగిపోయేదాన్ని అసలు ఎందుకు పెట్టారు?" అన్నది మనమరాలు.

మంచి ప్రశ్న! ఎక్కువ కరెంటు పారినప్పుడు తీగెలు కాలిపోకుండా, ముందుగా తాను తెగిపోవడమే ఫ్యూజు పని. వెండికాగితం తెగదు; గోడలోపలి తీగె కాలుతుంది. నేను పనిచేసిన ఒక బడిలో మాటిమాటికీ ఫ్యూజు పోతున్నదని ఎవరో లావుపాటి రాగితీగె చుట్టారు. ఫ్యూజు మళ్ళీ పోలేదు, స్విచ్చిబోర్డే కాలిపోయింది.

రేడియోకు కూడా 15 ఆంపియర్ల ఫ్యూజే ఉన్నది. అల్లుడు దాన్ని తీయబోతే ఆపాను. మొదటిది ఎందుకు పోయిందో తెలియకుండా పెడితే ఇదీ పోతుంది. తరవాత గతి?

"హీటరు ఎప్పుడు ఆగిందో ఎవరైనా గమనించారా?" అని అడిగాను. మనమరాలు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "సాయంత్రం నేను మడతకుర్చీని బల్లకిందికి గట్టిగా తోశాను. అప్పుడే ఆగింది. తిడతారని చెప్పలేదు," అన్నది ఏడుపుగొంతుతో.

ముందు బాటరీ స్విచ్చి ఆపి, టార్చి పట్టుకుని బల్లకింద చూశాము. కుర్చీ కాలు హీటరు తీగెను బండి ఇనుప చట్రానికి అదిమి పెట్టింది. తీగెపై తొడుగు చిట్లి రాగి బయటపడింది. కరెంటు బాటరీకి తిరిగి వెళ్ళే దారి ఆ చట్రమే! పంకాదాకా పోనక్కరలేకుండా అడ్డదారి దొరికేసరికి కరెంటు ఒక్కుమ్మడిగా పారి ఫ్యూజు తెగింది.

తీగె తెగలేదు, అదే అదృష్టం. కాని చుట్టడానికి టేపు లేదు. పక్క బండిలోని ముసలి దంపతులకు సైకిళ్ళున్నాయి. వాళ్ళను అడిగి చిల్లుపడిన పాత ట్యూబు తెచ్చాను. సైకిలు ట్యూబుతో మన పల్లెల్లో కట్టని వస్తువేమున్నది! సన్నని పట్టీగా కోసి, చిట్లినచోట బిగించి నాలుగు చుట్లు చుట్టి, దారంతో కట్టాను. తీగె చట్రానికి తగలకుండా పక్కకు జరిపి, కుర్చీని బయట పెట్టాము. అప్పుడు రేడియో ఫ్యూజు పెట్టి, బాటరీ స్విచ్చి వేశాము.

పంకా తిరిగింది. అందరం ఊపిరి బిగబట్టాము. కాసేపటికి గుప్పుమని మంట అంటుకున్నది. నేను అరగంటసేపు మేలుకుని ఆ తీగెను మాటిమాటికీ తాకి చూశాను. వేడెక్కలేదు. (మీ ఇళ్ళలో వచ్చేది 230 వోల్టులు. మీరు ఈ పని చేయబోకండి!)

తెల్లవారి చూస్తే బయట బకెట్లో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. ఆ పట్టీని నమ్ముకుని ఊళ్ళు తిరగడం నాకిష్టం లేదు. అందుచేత నేరుగా 80 మైళ్ళ దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్ పట్నానికి పోయి, మెకానిక్కు చేత తీగె మార్పించాము. అక్కడికి చేరేదాకా రేడియో మూగే. "మరి పాటలు లేవుగా, కథ చెప్పు తాతయ్యా!" అని మనమరాలు దారి పొడుగునా నన్ను వదలలేదు.