దారం లేని దండలు

రెండు వేల ఏళ్ల నాటి దండ మా చేతికి దండగా రాదు. నూలైనా, నారైనా, తోలు తాడైనా మన నేలల్లో ఎంతో కాలం నిలవదు. మిగిలేవి పూసలు. అవి మెడలో వేలాడాయా, మొలకు చుట్టుకున్నాయా, గుడ్డ అంచుకు కుట్టి ఉన్నాయా, ఎరుపు పక్కన ఏ రంగు ఉండేది అన్న సంగతులు చెప్పగలిగేది వాటిని పట్టుకుని ఉన్న మట్టి ఒక్కటే. పురావస్తు తవ్వకాల్లో దొరికిన పూసలు, గాజులు, నగలు సేకరించి, నమోదు చేసి, మ్యూజియానికి అప్పగించడం నా ఉద్యోగం. పూసతో పాటు పూసకూ పూసకూ మధ్య ఉన్న ఎడాన్ని కూడా సేకరించాలి. రెండోదే కష్టం.

గుంటలో ఎర్రగా ఏదో మెరిసిందని కూలీ చెప్పగానే అక్కడ పని ఆపేస్తాం. తాపీలు పక్కన పెట్టి వెదురు పుల్లలు, మెత్తటి కుంచెలు తీసుకుంటాం. మట్టి మీద నీటి చుక్క వేసి, నానాక, పూస పైభాగం మాత్రమే తెరుస్తాం. కింది సగం మట్టిలోనే ఉండాలి. అప్పుడు చూడాల్సింది రంగూ కాదు, రాయీ కాదు, బెజ్జం ఏ దిక్కుకు తిరిగి ఉందన్నది. పక్కపక్కన ఉన్న పూసల బెజ్జాలు ఒకే గీతలోకి వస్తే ఆ గీత మీద ఒకప్పుడు దారం ఉందన్నమాట. గ్రాఫు కాగితం మీద గీసుకుని, ఫొటోలు తీసుకుని, సంఖ్యలు వేశాకే పూసను ఎత్తుతాం. ఒక్కో పూసకు ఒక్కో పొట్లం. పొట్లం మీద గుంట, పొర, లోతు, వరుస సంఖ్య. చూసేవాళ్లకు ఇది విసుగు పుట్టించే పని. బంగారం దొరికిందన్న పుకారు పుట్టిన రోజున గట్టు మీద ఊరంతా నిలబడుతుంది. కింద మేం ఆవగింజంత పూస చుట్టూ పుల్లతో మట్టి గీకుతూ ఉంటాం.

రాక్షసగుళ్లని మన ఊళ్లలో పిలిచే ఇనుప యుగపు సమాధుల్లో ఈ ఓపిక ఫలితం ఇస్తుంది. ఎముకలు దాదాపు కరిగిపోయిన చోట కూడా పూసల వరుసను బట్టి మెడ ఎటున్నదో, నడుము ఎటున్నదో ఊహించవచ్చు. నల్లరేగడిలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. వేసవిలో నేల నెర్రెలు విడిస్తే చిన్న పూసలు వాటిలోంచి కింది పొరల్లోకి జారిపోతాయి. ఒంటరిగా దొరికిన పూసను నమ్మి పొరకు వయసు కట్టకూడదని మా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లకు నేను మొదటి రోజే చెబుతాను.

ఈ పనిలో నేను మళ్లీ మళ్లీ చదువుకునే ఉదాహరణ ఇరాక్‌లోని ఉర్ నగరం. లియొనార్డ్ వూలీ 1922 నుంచి 1934 వరకు అక్కడ తవ్వకాలు జరిపాడు. దాదాపు 4,500 ఏళ్ల కిందటి పుఆబి రాణి సమాధిలో ఆమె ఒంటి మీద బంగారు ఆకులు, లాపిస్ లాజులి నీలి పూసలు, ఎర్రటి కార్నీలియన్ పూసలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఉర్‌లో చెదిరిపోయే ప్రమాదం ఉన్నచోట వూలీ కరిగించిన మైనం పోసి, గుడ్డతో బిగించి, నగల్ని మట్టితో సహా పైకెత్తేవాడు. పుఆబి శవం పక్కన వేలాది చిన్న నీలి పూసలు, వాటి నడుమ బంగారు జింకలు, పొట్టేళ్లు, ఎద్దులు దొరికితే అవన్నీ ఒకే కిరీటపట్టీలోవని భావించి అలాగే గుచ్చించాడు. దశాబ్దాల పాటు పుస్తకాల్లో ఆ రూపమే అచ్చయింది. తర్వాతి పరిశోధకులు ఆధారాలన్నీ మళ్లీ పరిశీలించి అవి విడివిడి నగలని అభిప్రాయపడ్డారు. వూలీ గుచ్చిన దండ నిలవలేదు, ఆయన రాసిపెట్టిన నోట్సు మాత్రం నిలిచింది. మా రిజిస్టర్లలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా నేను ఊరుకోనిది అందుకే.

ఉర్‌లో దొరికిన ఎర్ర పూసల్లో కొన్ని సింధు నాగరికత పనివాళ్ల చేతిలో తయారైనవి. గుజరాత్‌లో రతన్‌పూర్ దగ్గర తవ్వి తీసే ఆ రాయి మొదట గోధుమ రంగులోనో పసుపు ఛాయలోనో ఉంటుంది. కుండలో పెట్టి మెల్లగా కాలిస్తే లోపలి ఇనుము ఎర్రబారుతుంది. చెక్కడం, అరగదీయడం ఒక ఎత్తు, బెజ్జం వేయడం ఒక ఎత్తు. సింధు పనివాళ్లు ఇందుకు అరుదైన గట్టి రాతి మొనను వాడారు. సింధు నగరం చన్హుదారోను తవ్విన ఎర్నెస్ట్ మెకే జ్ఞాపకార్థం ఆ రాతికి పురావస్తు పరిశోధకుడు జొనాథన్ మార్క్ కెనోయర్ ఎర్నెస్టైట్ అని పేరు పెట్టాడు. ఆయన ప్రయోగాల్లో ఆ మొన గంటకు దాదాపు 2.5 మిల్లీమీటర్లే దిగింది. ఆ లెక్కన 12 సెంటీమీటర్ల పొడవాటి పూసకు ఒక్క బెజ్జానికే 48 గంటలు. కరాచీ దగ్గర అల్లాహ్‌దినోలో దొరికిన 36 పొడవు పూసల వడ్డాణానికి 480 పనిదినాలు పట్టి ఉంటాయని ఆయన అంచనా. అది కట్టుకుని తిరిగిన మనిషి నడుము చుట్టూ ఏడాదిన్నర శ్రమ ఉంది. బంగారం తూకం వేసి నగకు విలువ కట్టేవాళ్లకు ఈ లెక్క చెప్పడం నాకిష్టం.

పూస నా బల్ల మీదికి వచ్చాక నేను ఎక్కువసేపు చూసేది బెజ్జం లోపలే. పళ్ల ఆసుపత్రుల్లో అచ్చు తీయడానికి వాడే మెత్తటి సిలికాన్‌ను బెజ్జంలోకి ఎక్కించి, బిగుసుకున్నాక లాగితే లోపలి గోడ అచ్చుగుద్దినట్టు బయటికి వస్తుంది. ఈ పద్ధతిని పూసల మీద ప్రయోగించి పేరు తెచ్చుకున్న గ్విన్నెట్, గోరెలిక్ ఇద్దరూ దంతవైద్య రంగం నుంచి వచ్చినవాళ్లే. ఆ అచ్చును సూక్ష్మదర్శిని కింద పెడితే గోడ నున్నగా ఉందా, ఒకే తీరుగా సన్నని గాడులు పడ్డాయా తెలుస్తుంది. గాడులుంటే వజ్రపు ముక్క పొదిగిన మొన తిరిగిందనుకోవచ్చు. చారిత్రక యుగంలో మన దగ్గర అది బాగా వ్యాపించింది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో రెండు చిన్న వజ్రపు ముక్కలున్న మొనను విల్లుతో తిప్పడం ఇటీవలి దాకా ఉంది. పాతకాలపు పనివాడు రెండు వైపుల నుంచీ తొలుచుకు వస్తాడు కాబట్టి మధ్యలో రెండు బెజ్జాలు కలిసే చోట చిన్న మెట్టు ఉంటుంది. ఆ మెట్టు నా వేలికి తగలదు, అచ్చులో కనిపిస్తుంది. అది చూసినప్పుడల్లా ఆ పనివాడితో మాట్లాడినంత సంతోషం కలుగుతుంది.

బెజ్జం అంచు ఇంకో సంగతి చెబుతుంది. ఏళ్ల తరబడి మెడలో ఉన్న పూసకు దారం ఒరుసుకుని అంచు గుండ్రబడుతుంది. పక్క పూస రాసుకుని కొసలు చదునవుతాయి. చార్మినార్ దగ్గర ముత్యాలు గుచ్చే ఒక పెద్దాయన పూసకూ పూసకూ మధ్య ముడి ఎందుకు వేస్తాడో చూపించినప్పుడు ఈ అరుగుదల నాకు బాగా బోధపడింది. సమాధిలో దొరికిన పూస అంచు పదునుగా ఉంటే అది ఎవరూ తొడగనిది, బహుశా పోయినవారి కోసమే చేయించినది.

గాజు పూసల కథ వేరు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండు వేల ఏళ్లకు పూర్వమే తయారైన తరహా చిన్న ఒంటిరంగు పూసలు ఆఫ్రికా తీరం నుంచి కొరియా దాకా దొరికాయి. పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వాటికి ఇండో పసిఫిక్ పూసలని పేరు పెట్టాడు. వాటిని తయారుచేసే పద్ధతి ఎలాంటిదో తెలుసుకోవడానికి ఆయన చూసింది మన తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటను. కరిగిన గాజు ముద్దను బోలు ఇనుప గొట్టం మీద పట్టి, కొలిమిలోంచి చేత్తో సన్నని గొట్టాలుగా లాగి, ముక్కలు కోసి, అంచుల పదును పోయేలా మళ్లీ కాలుస్తారు. ఈ పూసలు ఎంత చిన్నవంటే మామూలు జల్లెడలోంచి మట్టితో పాటే జారిపోతాయి. సన్నకన్ను జల్లెడ పెట్టి, మట్టిని నీళ్లలో కడిగి చూడని తవ్వకంలో గాజు పూసలు తక్కువ దొరికాయని రాస్తే నేను నమ్మను.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్విన శాతవాహన నగరం పూసలకు పెట్టింది పేరు. మోరేశ్వర్ దీక్షిత్ వాటి మీద రాసిన పుస్తకం 1952లో హైదరాబాద్ నుంచి వెలువడింది. రాయి, ఆకారం, బెజ్జం అన్నీ ఓపిగ్గా వర్ణించిన ఆ పుస్తకం ఇప్పటికీ నా బల్ల మీద ఉంటుంది. అలాంటి పాత ఊళ్ల దిబ్బల్ని మనవాళ్లు పాటిగడ్డలంటారు. బూడిద, పేడ కలిసిన పాటిమన్ను పొలానికి బలమని రైతులు బండ్లతో తోలుకుంటారు. మట్టితో పాటు పూసలూ వెళ్తాయి.

ఒక పల్లెలో ఇంటి అరుగు మీద ఆడుకుంటున్న పిల్లవాడి మొలతాడుకు తెల్ల గీతలున్న ఎర్ర పూస కనిపించింది. కార్నీలియన్ మీద సోడా లాంటి క్షారాన్ని చెట్టు రసంతో కలిపి గీతలు గీసి కాల్చే పని అది. 1930లలో సింధ్‌లోని సెహ్వాన్‌లో ఒక వృద్ధుడు ఆ విద్యను మెకేకి చేసి చూపించాడు. పిల్లవాడి నాయనమ్మను అడిగాను.

“ఇది యాడ దొరికింది అవ్వా?”

“మా చేన్లనే సారూ. పెద్ద వాన పడ్డంక పొద్దుగాల పోతే మెరుస్తయి. దిష్టి తగల్దని పోరనికి కట్టిన.”

చేను చూపించమన్నాను. వెంట వచ్చి మూల చూపించింది. ఆ నేల చుట్టుపక్కల నేల కన్నా బూడిద రంగులో ఉంది. “ఈ మన్ను ఈడిదేనా?” అంటే, “కాదు, మా మామ ఉన్నప్పుడు పాటిగడ్డకెళ్లి బండ్ల మీద తోలిండు” అంది. ఆ రెండో ప్రశ్న వేయకపోతే పూస పుట్టిల్లు ఆ చేనని రాసేవాణ్ని. పూసను ఫొటో తీసుకుని, కొలతలు రాసుకుని, పిల్లవాడి మొలకే వదిలేసి పాటిగడ్డకు వెళ్లాను.

ప్రైవేటుగా సేకరించేవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. కొందరు నిజంగా ప్రేమతో కూడబెట్టినవాళ్లు, వాళ్లతో గంటలు కూర్చుంటాను. ఇంకొందరు అందంగా గుచ్చిన దండ తెచ్చి వయసు రాసిమ్మంటారు. మూడు నాలుగు శతాబ్దాల పూసలు ఒకే దారం మీదుంటాయి, మధ్యలో కొత్త మిషన్ బెజ్జం తిన్నగా ఒక వైపు నుంచి మరో వైపుకు పోతుంది. రాసివ్వను. కొనాలనుకునేవాళ్లకు 1972 నాటి పురావస్తువుల చట్టం సంగతి చెబుతాను. వందేళ్లు దాటిన వస్తువులతో లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు, వాటిని ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 చట్టమే చెబుతోంది.

న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు బంగారు చెవిపోగుల జత ఒకటుంది, 1981లో కానుకగా చేరింది. రేకును లోపలి నుంచి కొట్టి పైకి తేల్చిన రెక్కల సింహం, ఏనుగు, వాటి మీద బంగారు రవ్వలు. చెవి తమ్మెలు సాగి భుజాలకు ఆనేంత బరువైనవి. ప్రాచీన భారతీయ నగల్లో అంత గొప్ప పని నేను ఇంకొకటి చూడలేదు. అవి ఆంధ్ర ప్రాంతానివి కావచ్చని మాత్రమే మ్యూజియం చెప్పగలిగింది. ఏ ఊరు, ఏ దిబ్బ, పక్కన ఇంకేం ఉన్నాయి అన్నదానికి జవాబు లేదు. మన నేల మీద పుట్టి ఉండవచ్చన్న నగ గురించి అంతకు మించి చెప్పలేకపోవడం నన్ను చాలా బాధపెడుతుంది. మొహెంజొదారో నగల గతి ఇంకో రకం. వాటి ఊరు, వీధి అన్నీ నమోదయ్యాయి. కానీ దేశ విభజన తర్వాత పొడవైన కార్నీలియన్ పూసల వడ్డాణాన్నీ, మరో హారాన్నీ విడగొట్టి రెండు దేశాలూ చెరి సగం తీసుకున్నాయి. నమోదు ఉంది కాబట్టి కాగితం మీద ఇవాళ కూడా వాటిని కలపవచ్చు, ఆ చెవిపోగుల పక్కన పెట్టడానికి మాత్రం మన దగ్గర ఏమీ లేదు.

మ్యూజియంలో పూసల్ని గుచ్చి పెట్టాలా, విడిగా పెట్టాలా అని మాలో మాకు వాదన నడుస్తూనే ఉంటుంది. గుచ్చకపోతే జనం ఆగి చూడరని సహోద్యోగులు అంటారు, అందులో నిజముంది. నేను కోరేది ఇదీ: అసలు పూసలు మట్టిలో దొరికిన వరుసలోనే పళ్లెంలో ఉండాలి, పక్కన గుంటలో గీసిన బొమ్మ ఉండాలి. ఆ పైన పాపానాయుడుపేట నుంచి తెప్పించిన కొత్త పూసలతో నమూనా దండ గుచ్చి వేలాడదీయవచ్చు. ఆ దండకు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించే పచ్చ నైలాన్ దారమే వాడాలని పట్టుబడుతున్నాను.