తుప్పు పట్టని చోటు

పాత కారుని బాగుచేయించిన వాళ్ల దగ్గర ఫోటోలుంటాయి. ముందెలా ఉండేదో, తర్వాత ఎలా మెరిసిందో పక్కపక్కన పెట్టి చూపిస్తారు. తుప్పు పట్టకుండా కాపాడిన వాళ్లకి చూపించుకోడానికి ఏమీ ఉండదు. జరగకుండా ఆపిన దాన్ని ఎవరు ఫోటో తీస్తారు? ఇంటిచాకిరీ గురించి మనం ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటున్న మాటే ఇది. ఇంటి ముందు నిలబడే కారు విషయంలో మాత్రం ఎవరూ అనరు. కారు మగవాళ్ల వస్తువు కదా!

మాది 1978 నాటి ప్రీమియర్ పద్మిని. ముంబై కుర్లాలో తయారైన ఫియట్. పరువు కోసం నిప్పుల్లోకి నడిచిందని కథల్లో చెప్పే రాణి పేరు దానికి పెట్టారు. ఆ కారు విశాఖపట్నంలో, సముద్రపు గాలి నేరుగా తగిలే వీధిలో నలభై అయిదేళ్లు ఉంది. బంధువులందరికీ అది 'నాన్న కారు'. నడిపింది నాన్నే. అమ్మకి డ్రైవింగ్ నేర్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇనుముకి నీరూ, ఆక్సిజనూ కలిసి తగిలితే తుప్పు మొదలవుతుంది. ఉప్పు కలిసిన తడి దాన్ని ఇంకా తొందరపెడుతుంది. తుప్పు తను తినేసిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న పెయింటు పొంగుతుంది. ఆ పొంగు మన కంటపడేసరికి లోపల చాలా రేకు పోయి ఉంటుంది. పద్మినికి విడిగా ఛాసిస్ లేదు. బాడీయే దాని ఎముకలగూడు. తలుపుల కింద పెట్టెల్లా ఉండే దూలాలు పుచ్చిపోతే పై మెరుపు ఎంతున్నా కారుకి బలం ఉండదు.

అమ్మకి ఈ రసాయనశాస్త్రం ఎవరూ చెప్పలేదు. అట్ల పెనం కడిగి, తడి తుడిచి, నూనె రాసి పెట్టకపోతే మర్నాటికి ఏమవుతుందో తెలుసు. కత్తిపీట తెలుసు. ఆ తెలివినే కారు దగ్గరికి తీసుకెళ్లింది. ఆదివారం రబ్బరు మ్యాట్లు ఎత్తి గోడ మీద ఆరేసేది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని కుళాయి నీళ్లు పట్టి చక్రాల పైభాగాలు లోపలి నుంచి కడిగేది. తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న కన్నాలుంటాయి. దుమ్ముతో అవి మూసుకుపోతే తలుపు లోపలే నీళ్లు నిలుస్తాయి. వాటిని తలపిన్నుతో పొడిచి తెరిచేది. బ్యాటరీ కింద ఆసిడ్ చెమ్మని వంటసోడా నీళ్లతో తుడిచి, టెర్మినల్స్‌కి వాజలీన్ రాసేది. నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇదంతా అయిపోయేది. కారు శుభ్రంగా ఉండటం కారు స్వభావం అన్నట్టుండేది.

1996లో ఎడమవైపు వెనక మడ్‌గార్డుకి దెబ్బ తగిలింది. 'రేకు మార్చమనండి' అంది అమ్మ. 'లప్పం పెట్టి రంగేస్తే కనపడదు సార్' అన్నారు షెడ్డు వాళ్లు. కనపడకపోవడమే గెలిచింది.

నాన్న 2022లో పోయారు. మరుసటి ఏడాది కారుని బాగుచేయించి తన పేరుకి మార్పించుకుంటానన్నాడు అన్నయ్య. పని దగ్గరుండి చూసే బాధ్యత నాకొచ్చింది. టింకరింగ్ మేస్త్రీ గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. రేకు ఉన్నచోట అది అంటుకుంటుంది, మందంగా లప్పం ఉన్నచోట జారిపోతుంది. వెనక మడ్‌గార్డు దగ్గర జారిపోయింది. గీకి చూస్తే లప్పం వెనక రేకు గోధుమ పొడిలా రాలింది. ఆ పుట్టీ చెమ్మని పీల్చుకుంటుంది, కింద మిగిల్చిన తుప్పు ఊరుకోదు. తక్కిన చోట్ల, తలుపుల అడుగున, మ్యాట్ల కింద, రేకు గట్టిగా ఉంది. 'ఎవరో బాగా చూసుకున్నారండీ. సారు మంచి శ్రద్ధ గల మనిషై ఉంటారు' అన్నాడు మేస్త్రీ.

'సారు కాదండీ, మా అమ్మ' అన్నాను. అతను ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, మళ్లీ వంగి తలుపు కన్నాల్ని చూశాడు.

పుచ్చిన రేకుని మెరిసే ఇనుము కనబడేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేశారు. పైపై తుప్పుని వైర్ బ్రష్షుతో గీకి ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్న మందు రాశారు. అది మిగిలిన తుప్పుని ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. ఢిల్లీలోని ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా నిలబడటానికి దాని ఇనుములో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరస్ వల్ల ఏర్పడిన పొరే ముఖ్య కారణమని లోహశాస్త్రజ్ఞులు చెప్తారు. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, జింకు ప్రైమరు వేశారు. గీత పడ్డా జింకు ముందు తను కరిగిపోయి ఇనుముని కాపాడుతుంది. ఈ ధర్మాన్ని మెచ్చుకుంటూ ఎవరైనా దాన్ని ఆడవాళ్లతో పోల్చబోతే నేను ఒప్పుకోను. జింకుకి వేరే దారి లేదు. చివరికి పెట్టె దూలాల్లోకి మైనం కొట్టారు. అమ్మ పెనానికి నూనె రాయడం లాంటిదే అది.

యజమాని చనిపోతే బండి వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31 ఉంటుంది. దాంట్లో అమ్మ పేరు రాయాలన్నాను. 'అమ్మ నడపదు కదా' అన్నాడు అన్నయ్య. నడపడం ఒక్కటే కారుతో పనా? ఆ కారు ఇప్పటికీ కారుగా ఉందంటే ఎవరి వల్లో రేకే సాక్ష్యం చెప్తోందన్నాను. రెండు వారాలు మాటల్లేవు. తర్వాత సంతకం పెట్టాడు.

ఆర్‌సీ వచ్చాక అమ్మ తన పేరుని వేలితో తడిమి, బీరువాలో పెట్టేసింది. కారు నడపడానికి అన్నయ్యకి అనుమతిచ్చింది, ఒక షరతు మీద. వానలకి ముందొకసారి, తర్వాతొకసారి తలుపు కన్నాలు తనే పొడవాలి. మొన్న జూన్‌లో అతని చేతికి తలపిన్ను ఇచ్చింది. ఎక్కడెక్కడ గుచ్చాలో కుర్చీలో కూర్చుని చెప్పింది.