పారిస్‌లో లోలకం, దోసె

మావారి మీటింగు పుణ్యమా అని పాపతో సహా నాలుగు రోజులు పారిస్ చూశాం. ఈఫిల్ టవర్ దగ్గర అందరిలాగే ఫొటోలు దిగాం. పాంథియాన్‌కి వెళ్దామని మాత్రం నేనే పట్టుబట్టాను. బీయస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని మరి!

1851లో ఫూకో అక్కడే గుమ్మటం నుంచి 67 మీటర్ల తీగకు బరువైన గుండు వేలాడదీసి, భూమి తిరుగుతోందని జనానికి చూపించాడు. ఇప్పుడున్నది దాని నకలు.

"అమ్మా, లోలకం పక్కకి జరిగింది!" అంది పాప.

"అది కాదు, మనమే తిరుగుతున్నాం" అన్నాను.

కింద నేలమాళిగలో మేరీ క్యూరీ సమాధి. సొంత ప్రతిభతో అక్కడ చోటు దక్కిన మొదటి స్త్రీ ఆవిడే, 1995లో. కానీ అక్కడికి చేరిన తొలి స్త్రీ సోఫీ బెర్తెలో. 1907లో ఆవిడ పోయిన రోజే, రసాయన శాస్త్రవేత్త అయిన భర్తా పోయాడు. ఇద్దర్నీ విడదీయకుండా ఆవిడనూ అక్కడే ఉంచారు. డిపెండెంట్ వీసా మీద తొమ్మిదేళ్లుగా ఇంట్లో ఉంటున్న నేను ఆ సమాధి ముందు కాసేపు నిలబడిపోయాను.

సాయంత్రం గార్ దు నార్ స్టేషన్‌కి దగ్గర్లోని లా షపెల్‌లో, శ్రీలంక తమిళుల హోటల్లో మసాలా దోసె తిన్నాం. శాకాహారులు ఈ పేట గుర్తుపెట్టుకోండి! మూడు రోజులు క్రేప్‌లు తిన్న నోటికి ప్రాణం లేచొచ్చింది.

"దీనికి చిల్లులెందుకు?" అంది పాప. పిండి పులిసేటప్పుడు పుట్టే గ్యాసు సంగతి చెప్పాను.

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?"

నా చదువు గురించి దానికి ఎప్పుడూ చెప్పలేదని అప్పుడు తట్టింది. ఇంటికి రాగానే పెట్టె అడుగునున్న డిగ్రీ సర్టిఫికెట్ తీసి చూపించాను.