ఇంట్లో ఒక్కటే ఫోను

2025 సంక్రాంతి సెలవులకు మా పెద్దవాడు ఇంటికి వచ్చాడు. అంతకు ముందు సంవత్సరమే యూనివర్సిటీలో ఎం.ఏ. ఆర్థికశాస్త్రంలో చేరాడు. అసైన్‌మెంటు ముందు పెట్టుకొని మాటిమాటికీ వాళ్ల మాస్టారికి ఫోను చేస్తున్నాడు. "ఏ పుస్తకం చూడాలి సార్? ఎన్ని పేజీలు రాయాలి సార్? ఎక్కడ మొదలుపెట్టాలి సార్?" నాకు విసుగు పుట్టింది. "ఎం.ఏ.కి వచ్చినా ఇంకా చేయి పట్టుకొని దిద్దించాలా?" అని గద్దించాను.

వాడు తల వంచుకొని, "దిద్దించవలసినప్పుడు ఎవరూ లేరు గదా నాన్నా" అన్నాడు.

ప్రియ చదువరులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2020 మార్చిలో వాడు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాశాడు. వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. రెండో సంవత్సరం పాఠాలు చాలామట్టుకు ఫోనులోనే. మా ఇంట్లో స్మార్ట్ ఫోను ఒక్కటే. జబ్బుపడినవారు, అయినవారిని పోగొట్టుకొన్నవారు పొద్దున్నే ప్రార్థన కోసం ఫోను చేసేవారు. నేను ముగించి వాడి చేతికి ఇచ్చేసరికి క్లాసు అయిపోయేది. వాడు ఒక్కనాడూ సణగలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయి. పాత మార్కులను బట్టి వాడు పాసయ్యాడు. మేము స్తోత్రం చెప్పుకొన్నాం గాని, ఏం నేర్చుకొన్నావురా అని అడగలేదు.

నేను బైబిలు కాలేజీలో చేరిన కొత్తలో నాకు లైబ్రరీలో పుస్తకం వెదకడం కూడా రాదు. మా గురువుగారు పక్కన కూర్చొని, విషయసూచిక ఎలా చూడాలో, రెండు వ్యాఖ్యానాలను ఎలా పోల్చాలో చూపించారు. కొన్ని నెలల తరువాతే, "నీవేమనుకొంటున్నావో ముందు రాసుకొని రా" అనడం మొదలుపెట్టారు. సొంతంగా చదువుకోవడం కూడా ఒకరి పక్కన కూర్చొని నేర్చుకోవలసిన పనే. మా వాడికి ఆ మెట్టే తప్పిపోయింది. నేను దానిని సోమరితనం అనుకొన్నాను.

మర్నాడు వాణ్ణి క్షమించమని అడిగి, పక్కన కూర్చొన్నాను. ఆర్థికశాస్త్రం నాకు తెలియదు. "ప్రశ్న ఏమడుగుతుందో నీ మాటల్లో చెప్పు" అన్నాను. చాలాసేపటికి చెప్పాడు. తప్పైనా సరే ఒక పేజీ రాయమన్నాను. సాయంత్రానికి మూడు పేజీలయ్యాయి. మాస్టారిని అడగవలసిన సందేహం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కదానికి ఆయన అరగంట మాట్లాడారట.

వాడు ఇప్పటికీ ఫోను చేస్తాడు. కాకపోతే ముందు రాసుకొని చేస్తాడు.

తల్లిదండ్రులారా, ఆ రెండేళ్లలో చదివిన పిల్లలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. అడిగిన వెంటనే జవాబు అందించకండి. విసుక్కొని లేచిపోకండి. కాసేపు పక్కన కూర్చోండి.